అద్దం బిళ్లల అంచులకు ఏ సాన?

ప్రశ్న: లంబాడీ కుట్టుపనికి కావలసిన అద్దం బిళ్లలను నేనే కోసుకుంటున్నాను. పాత సీసాల గాజు పెంకులతో లాకెట్లు కూడా చేయాలని ఉంది. ఇంట్లో కత్తులు నూరే మోటారు రాయి ఉంది. అంచులు నునుపు చేయడానికి అది చాలునా, వేరే యంత్రం కొనాలా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: మీ మోటారు రాయి ఇనుము కోసం చేసినది, నీరు లేకుండా అతివేగంగా తిరిగి అంచును వేడెక్కిస్తుంది కనుక గాజు నెర్రెలిచ్చి చిట్లుతుంది. దానిని ఈ పనికి వాడవద్దు. గాజుకు సరైన సాన పదార్థాలు వజ్రపు పొడి, సిలికాన్ కార్బైడు. ఈ రెండింటినీ నీటితోనే వాడాలి, ఎందుకంటే నీరు వేడిని లాగివేయడమే కాక, ఊపిరితిత్తులకు, కళ్లకు హాని చేసే గాజు పొడిని గాలిలోకి లేవనివ్వదు. అయినా రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.

బిళ్లలు కొద్దిపాటివే అయితే యంత్రం అవసరమే లేదని నా అభిప్రాయం. రంగుల దుకాణాల్లో దొరికే, సిలికాన్ కార్బైడు పూసిన నల్లటి వాటర్ పేపరును (గరుకు కాగితాన్ని) చదునైన టైలు మీద పరచి, తడిపి, 220 నంబరుతో మొదలుపెట్టి 400, 600 వరకు వెళ్లండి. సీసా పెంకుల వంటి మందపాటి గాజుకు గ్రానైటు పనివారు వాడే వజ్రపు ప్యాడ్లు ఇంకా త్వరగా పనిచేస్తాయి. తడి అంచు ఎప్పుడూ నునుపుగానే కనిపించి మోసగిస్తుంది కాబట్టి, నంబరు మార్చే ముందు గుడ్డతో తుడిచి, ఆరిన తరువాత ఏటవాలు వెలుగులో చూడండి. పాత గీతలు మిగిలి ఉంటే వెనుకటి కాగితంతోనే మళ్లీ రుద్దాలి. అద్దాన్ని మాత్రం వెనుక పూత వైపు నుంచి గాజు వైపుకే, ఒకే దిశలో రుద్దండి. ఎదురు రుద్దితే పూత పెచ్చులుగా లేస్తుంది.

పని పెరిగితే, నిలువుగా తిరిగే వజ్రపు ముక్కు, దానికి నీరందించే స్పాంజి ఉన్న చిన్న బల్ల యంత్రం తీసుకోండి. చేతిలో పట్టుకునే రోటరీ యంత్రం చౌకే కానీ, దాని మోటారులోకి నీరు చేరితే కరెంటు షాకు కొడుతుంది. అదే కొనేటట్లయితే, మోటారు దూరంగా వేలాడుతూ ముక్కు మాత్రమే చేతికి వచ్చే పొడవాటి తీగ గొట్టం ఉన్న రకం మేలు. కారు పక్క కిటికీల గాజు ఎంత అందంగా కనిపించినా ముట్టుకోవద్దు. అది గట్టిపరచిన గాజు. సాన తగిలితే మొత్తం గింజలుగా రాలిపోతుంది.

ప్రశ్న: గాజు లాకెట్టుకు రంధ్రం వేస్తుంటే చివరలో పగులుతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: ముక్కు అవతలికి చేరే ముందు మిగిలే పలుచని పొర మీ చేతి ఒత్తిడికి ఊడి, పక్కలనూ పెళ్లగిస్తుంది. బోలుగా ఉండే వజ్రపు బిట్టును తక్కువ వేగంతో, నీరు నిలిచిన పళ్లెంలో వాడండి. గాజు కింద చెక్కముక్క ఉంచండి. సగానికి పైగా దిగిన తరువాత ముక్కను తిప్పి, రెండో వైపు నుంచి పూర్తిచేస్తే అంచు చెదరదు.