ట్రెజర్ హంట్‌లో ఎక్కాలెందుకండీ?

ప్రశ్న: మా పాపకు 9 ఏళ్లు, బాబుకు 5. సెలవుల్లో ఫోన్ మాన్పిద్దామని ఇంట్లో ట్రెజర్ హంట్ పెట్టాను. ఎక్కం చెప్తే ఒక చీటీ, స్పెల్లింగ్ చెప్తే ఇంకో చీటీ. మూడో చీటీకే పాప విసుక్కుంది, చదవలేక బాబు ఒకటే ఏడుపు. ఎలా పెడితే ఆడతారు?
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఏడవక ఏం చేస్తారండీ, మీరు పెట్టింది యూనిట్ టెస్టు! లెక్క చేస్తేనే చోటు తెలిసేలా ఉండాలి. "వంటింటి గడప మీద నిలబడి, పొద్దున ఎండ వచ్చే వైపు 7 అడుగులు వెయ్యి" అని రాసి చూడండి. దిక్కు తెలియాలి, లెక్కపెట్టాలి, పైగా నా అడుగులా మీ అడుగులా అని గొడవ కూడా వస్తుంది. రానివ్వండి, టేపు తనే వెతుక్కుంటుంది.

పాపకు మన పొడుపు కథలు బాగా పనికొస్తాయి. "ముక్కు మీద కెక్కు, ముందర చెవులు నొక్కు" అంటే తాతయ్య కళ్లజోడు పెట్టె. "అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది" అంటే కవ్వం. కవ్వం ఎప్పుడూ చూడకపోతే (ఇప్పుడన్నీ మిక్సీలే కదా) వెళ్లి నానమ్మను అడుగుతుంది, అడగనివ్వండి. బాబుకు అక్షరాలు వద్దు. గరిటో తాళంచెవో కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీయండి, ఆ ఆకారం ఏ వస్తువుదో వాడు కనిపెట్టాలి. ఒక చీటీ అక్కది, ఒకటి తమ్ముడిది, వాడి చీటీ అక్క ముట్టుకోకూడదు.

ఇద్దరూ ఎగిరి గంతేసే చీటీ ఒకటుంది. బట్టల సబ్బు నీళ్లలో దూదిపుల్ల ముంచి తెల్ల కాగితం మీద రాసి బాగా ఆరబెట్టండి, పిల్లలు దాని మీద పసుపు నీళ్లు పూస్తే అక్షరాలు ఎర్రగా తేలతాయి. పసుపు మరకకు సబ్బు రాస్తే ఎర్రబడేదీ, దిష్టి నీళ్లలో సున్నం పడగానే ఎర్రబడేదీ ఇందుకే, పసుపులోని కుర్కుమిన్ అనే రంగు పదార్థం, సబ్బులోనూ సున్నంలోనూ ఉండే క్షారం తగిలితే రంగు మారుస్తుంది. పైన నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపే. ఎందుకని పిల్లలే అడుగుతారు, అడిగేదాకా చెప్పకండి.

చీటీలు చివరి నుంచి మొదటికి రాసుకుంటూ రండి, అప్పుడే వరస తప్పదు. 6 నుంచి 8 చాలు. స్టవ్వు, స్విచ్‌బోర్డులు, మందుల అర, నీళ్ల సంపు వైపు ఒక్కటీ పెట్టొద్దు. నిధిగా పల్లీపట్టీలు పెట్టినా చాలు, కానీ ఇద్దరికీ ఒకే డబ్బా.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. మరి చీటీలెలా?
– ఓ పాఠకుడు

జవాబు: చీటీ బదులు అమ్మమ్మ గొంతు పెట్టండి. పొడుపు కథలు ముందు రోజే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లుగా తెప్పించుకుని ఒక్కోటీ వినిపించండి. దొరికిన ప్రతి చోటా కాగితం మీద ఒక్క అక్షరమే ఉంటుంది: పో, పు, ల, డ, బ్బా. ఏ అక్షరానికి ఏ పలుకో ముందే నాలుగు రోజులు ఫ్రిజ్ మీద అంటించి అలవాటు చేయండి. ఐదూ కలిపి చదివితే నిధి ఎక్కడుందో తెలిసిపోతుంది. "బ్బా" దగ్గర కాసేపు తన్నుకుంటారు, మీరు మాత్రం నోరు మెదపకండి.