పాట – ప్రశ్న: ‘అన్‌చెయిన్డ్ మెలొడీ’

ప్రశ్న: ‘ఘోస్ట్’ సినిమాలోని ఈ పాట ఒకే గొంతుతో రెండు రకాలుగా దొరుకుతోంది. ఏది అసలు?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: పాట ‘ఘోస్ట్’ కంటే చాలా పాతదండీ. 1955లో ‘అన్‌చెయిన్డ్’ అనే జైలు కథా చిత్రం కోసం అలెక్స్ నార్త్ బాణీ కట్టగా హై జారెట్ మాటలు రాశారు. సినిమాలో పాడింది టాడ్ డంకన్. పేరులోని ఆ మాట పాటలో ఎక్కడా రాదు. ‘ఘోస్ట్’లో వాడింది రైచస్ బ్రదర్స్ 1965 రికార్డు. పేరుకు ఇద్దరు, పాడింది మాత్రం బాబీ హాట్‌ఫీల్డ్ ఒక్కరే. 1990లో సినిమా ఆడాక ఆయన మళ్లీ పాడారు. పాతదీ కొత్తదీ ఒకేసారి అమెరికా చార్టుల్లో నిలిచాయి. నేర్చుకోవడానికి 1965దే పెట్టుకోండి.

ప్రశ్న: పెళ్లి రిసెప్షన్‌లో పాడాలి. చివర్లో పైకి వెళ్లేచోట గొంతు చీలిపోతోంది. కీబోర్డు తోడుంది.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చాలామంది పల్లవినే గట్టిగా ఎత్తుకుంటారు. శిఖరం వచ్చేసరికి దమ్ము మిగలదు. హాట్‌ఫీల్డ్ దాదాపు మాట్లాడినంత మెల్లగా మొదలుపెడతారు, ఆ రికార్డు అందమంతా ఆ ఓపికలోనే ఉంది.

ముందు శ్రుతి తేల్చుకోండి. మొదటి లైను పాడి చూసి కాదు, చివర్లో ‘ఐ నీడ్ యువర్ లవ్’ అంటూ ‘నీడ్’ను పైకి లాగే లైను పాడి చూసి. సి మేజర్‌లో అందకపోతే కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే బటన్) మైనస్ 3 పెట్టండి, ఎ మేజర్ అవుతుంది. కార్డులు (కలిపి నొక్కే స్వరాలు) సి, ఎ మైనర్, ఎఫ్, జి. ట్రాన్స్‌పోజ్ బటన్ లేకుండా వాయిస్తే ఎ, ఎఫ్ షార్ప్ మైనర్, డి, ఇ. నదుల ప్రస్తావన వచ్చే మధ్య చరణంలో ఇ ఫ్లాట్ మేజర్ ఉంది (ఎ మేజర్‌లో అయితే సి). స్కేలుకు బయటిది కదా అని దాన్ని ఇ మైనర్‌గా మార్చేస్తుంటారు. అలా చేస్తే ఆ చరణంలోని విషాదం పోతుంది.

నడక 12/8. నాలుగు దెబ్బలు, దెబ్బకు మూడేసి: తకిట తకిట తకిట తకిట. కీబోర్డులో మామూలు 4/4 బల్లాడ్ స్టైల్ పెడితే పాట కుంటుతుంది. ‘స్లో రాక్’ పెట్టి, వేగం 65–70 దగ్గర ఉంచండి.

ఇక ఆ ‘నీడ్’. ‘ఈ’కారాన్ని బిగబట్టి పైకి తోస్తే గొంతు మూసుకుపోతుంది. నోరు కాస్త తెరిచి ‘ఇ’కీ ‘ఎ’కీ మధ్యకు తెచ్చుకోండి. ఛాతీ గొంతుతో లాగక, పలుచని పై గొంతులోకి జారండి. ముందు లైను చివర కుదించి నిండా ఊపిరి తీసుకోండి. మైకు జానెడు దూరం జరపండి. మన సంగీతం నేర్చినవారికి అక్కడ గమకం వేయాలనిపిస్తుంది, వేయొద్దు. స్వరాన్ని నిటారుగా నిలిపి, ఆఖర్న మాత్రమే వణికించండి.

ప్రశ్న: ఈ పాటకు ఇంకెవరి కవర్లు (వేరేవాళ్లు పాడినవి) వినాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: బ్రిటన్‌లో ఈ పాట నలుగురి చేతిలో నంబర్ వన్ అయింది: జిమ్మీ యంగ్ (1955), రైచస్ బ్రదర్స్ (1990), రాబ్సన్ అండ్ జెరోమ్ (1995), గారెత్ గేట్స్ (2002). మా ఓటు మాత్రం ఎల్విస్ ప్రెస్లీ 1977లో తానే పియానో వాయిస్తూ పాడినదానికి. అలసిన గొంతే, అయినా ఒక్క మాటా వృథా పోలేదు.

ప్రశ్న: తెలుగు మాటలు రాసి యూట్యూబ్‌లో పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: తెలుగు మాటలు పెడితే అది అనువాదం, దానికి హక్కుదారుల అనుమతి ముందే కావాలి. కరావోకే ట్రాక్‌కు వేరే యజమాని ఉంటారు, అదీ అడగండి.