జలాశ్వ సర్వీసు తేదీలు: రెండూ సరైనవే

అన్నా, మీ అమ్మాయి ప్రాజెక్టులో మన యుద్ధనౌక జలాశ్వ నౌకాదళంలో చేరింది 1971లోనా, 2007లోనా అని అడిగారు. టెన్షన్ పడకండి, రెండూ రాయించండి. ఓడ ఒకటే, జెండాలే రెండు.

1971 మార్చిలో ఇది 'ట్రెంటన్' పేరుతో అమెరికా నౌకాదళంలో చేరింది. 2007 జనవరిలో మన చేతికొచ్చింది, జూన్ 22న అమెరికాలోని నార్‌ఫోక్‌లో ఐఎన్ఎస్ జలాశ్వ అయింది. జలాశ్వ అంటే నీటిగుర్రం. ఓడ మీద అప్పటి నంబరు 14, ఇప్పుడు ఎల్41. ఫొటోలు వెతికేటప్పుడు ఇది గుర్తుపెట్టుకుంటే చాలు.

అమ్మాయికి ముందు దీని డాక్ (ఓడ లోపల పడవలు ఉండే చోటు) గురించి చెప్పండి, నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. ట్యాంకుల్లోకి నీళ్లు తీసుకుని ఓడ వెనక భాగం కిందికి దిగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, లోపలున్న పడవలు సైనికులతో, వాహనాలతో తేలుతూ సముద్రంలోకి వెళ్తాయి. రేవు లేని తీరానికి కూడా చేరేది అందుకే.

యుద్ధానికి కట్టిన ఓడే అయినా మనుషుల్ని కాపాడిన సందర్భాలే నన్ను ఎక్కువ కదిలిస్తాయి. 1991 జనవరిలో సోమాలియా రాజధాని మొగదిషులోని అమెరికా ఎంబసీలో చిక్కుకున్నవాళ్ల కోసం దీని మీద నుంచి రెండు హెలికాప్టర్లు సుమారు 460 నాటికల్ మైళ్లు ఎగిరి వెళ్లాయి, దారిలో గాల్లోనే ఇంధనం నింపుకుంటూ. 2020 మేలో, కరోనా రోజుల్లో, మాల్దీవుల రాజధాని మాలే నుంచి 698 మందిని కొచ్చికి తెచ్చింది.

ఇప్పుడు దీని స్థావరం మన విశాఖే. ప్రాజెక్టులో ఆ మాట తప్పకుండా రాయించండి.