ప్రభువు ప్రార్థనలో ‘మా ఋణములను క్షమించుము’ సరైనదా, ‘మా అపరాధములను’ సరైనదా?

రెండూ సరైనవే: యేసు నేర్పిన ఈ ప్రార్థన ఉన్న మత్తయి సువార్త 6:12లోని గ్రీకు మాటకు అక్షరార్థం అప్పులు, అక్కడి భావం పాపాలు.

యేసు మాట్లాడిన అరమాయిక్ భాషలో అప్పుకూ పాపానికీ ఒకే మాట వాడేవారు. ఆ వాడుకే గ్రీకులోకి వచ్చింది. ఇదే ప్రార్థన ఉన్న లూకా సువార్త 11:4 మాత్రం నేరుగా ‘పాపములు’ అంటుంది. తమాషా ఏమిటంటే, ఆ వాక్యంలోనే పాత తెలుగు బైబిల్ ‘మాకచ్చియున్న’ అని కూడా అంటుంది. అచ్చి ఉండటమంటే బాకీ పడటమే. ఇక ‘అపరాధములు’ అన్న మాట మత్తయిలోనే, ప్రార్థన ముగియగానే 14వ వచనంలో ఉంది.

తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. కడప పల్లెలో ఒకాయన ‘అమ్మానాయన ఋణం తీర్చుకోలేను’ అంటే బ్యాంకు లోను గురించి అనుకోం కదా! అందుకే నా దృష్టిలో ‘ఋణములు’ తీసేయాల్సినంత కష్టమైన మాట కాదు.

చర్చిలో కంఠస్థంగా ‘అపరాధములు’ అని చెప్పి, ఇంట్లో బైబిల్ తెరిస్తే ‘ఋణములు’ కనబడగానే ఎవరో వాక్యాన్ని మార్చేశారని చాలామంది టెన్షన్ పడతారు. ఎవరూ మార్చలేదు. ‘ఋణములు’ మాటను పట్టుకున్న అనువాదం, ‘అపరాధములు’ భావాన్ని పట్టుకున్నది.