పాత సీఎన్‌జీ పికప్‌కు ఆక్సిజన్ సెన్సర్ మార్చాలంటే

అన్నా, మీరు అడిగింది ఇది: 2018 మోడల్ పెట్రోల్-సీఎన్‌జీ మినీ పికప్, లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్ లైట్ వెలుగుతోంది, గ్యాస్ మీద ఏవరేజ్ పడిపోయింది. మెకానిక్ రెండు ఆక్సిజన్ సెన్సర్లూ మార్చాలన్నాడు. ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు. కానీ రెండూ ఒకేసారి కొనకండి. అసలు ఒక్కటి కొనే ముందు కూడా ఇంజిన్ లైట్ వెనకున్న లోపం కోడ్ చూడండి.

ఏవరేజ్‌తో సంబంధం ఉన్నది ముందు సెన్సర్‌కే. అది ఇంజిన్ నుంచి పొగ బయటకొచ్చే మానిఫోల్డ్ దగ్గర, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందు ఉంటుంది. మంట తర్వాత పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో కొలిచి ఈసీఎంకు, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కు చెబుతుంది, దాన్ని బట్టే ఈసీఎం ఇంధనం పెంచుతుంది, తగ్గిస్తుంది. కన్వర్టర్ దాటాక ఉన్న వెనక సెన్సర్ పని కన్వర్టర్ సరిగ్గా పనిచేస్తోందా లేదా చూడటం. అది పోతే లైట్ వెలుగుతుంది కానీ ఏవరేజ్ ఇంతగా పడదు. పాత బీఎస్3 డీజిల్ పికప్ ఉన్నవాళ్లు మాత్రం వెతకొద్దు, వాటికి ఈ సెన్సరే ఉండదు.

కోడ్లు చదివే స్కానర్ లేకపోతే, బండి ఓబీడీ సాకెట్‌లో పెట్టి ఫోన్‌కు కలిపే చిన్న బ్లూటూత్ ప్లగ్ చాలు. పీ0130 నుంచి పీ0135 వరకు ముందు సెన్సర్ కోడ్లు, పీ0136 నుంచి పీ0141 వరకు వెనక సెన్సర్‌వి. వీటిలో పీ0135, పీ0141 సెన్సర్ లోపలుండే హీటర్‌వి. పీ0171 వస్తే ఇంధనం తక్కువ అవుతోందని, పీ0172 వస్తే ఎక్కువ అవుతోందని అర్థం. ఎక్కువ మంది తప్పు చేసేది ఈ చివరి రెండింటి దగ్గరే. అక్కడ సెన్సర్ తన పని తాను చేస్తూ, ఇంజిన్‌లో ఉన్న తేడాను చెబుతోంది. దాన్ని మార్చేస్తే కొత్తది కూడా అదే మాట చెబుతుంది.

మీది గ్యాస్ బండి కాబట్టి మంచి పరీక్ష ఒకటి ఉంది, ఖర్చు లేదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక పెట్రోల్ మీద పది నిమిషాలు నడిపి ఫోన్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీఎం ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) ఎంతుందో రాసుకోండి. తర్వాత గ్యాస్ మీద అంతే సేపు నడిపి మళ్లీ చూడండి. మైనస్ 10 నుంచి ప్లస్ 10 శాతం మధ్య ఉంటే బాగున్నట్టే. పెట్రోల్ మీద సరిగ్గా ఉండి గ్యాస్ మీదే ప్లస్ 20 దాకా పోతే సెన్సర్‌ది తప్పు కాదు. గ్యాస్ ఫిల్టర్, రెగ్యులేటర్, గ్యాస్ ఇంజెక్టర్లు చూడాలి. రెండింటి మీదా ప్లస్‌లోకే పోతే గాలి ఎక్కడో లోపలికి వస్తోందేమో చూడండి. ఇన్‌టేక్ పైపు పగులు, వాక్యూమ్ గొట్టం ఊడటం, సెన్సర్‌కు ముందున్న ఎగ్జాస్ట్ గ్యాస్కెట్ లీకు, ఇవన్నీ సెన్సర్‌కు అదనపు ఆక్సిజన్‌ను చూపిస్తాయి. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే మానిఫోల్డ్ దగ్గర టిక్ టిక్ అని వినిపిస్తే ముందు అది సరిచేయించండి.

ఇప్పుడు సెన్సర్‌ను నేరుగా చూద్దాం. నాలుగు వైర్ల మామూలు సెన్సర్ అయితే, వేడి మీద 2,500 ఆర్‌పీఎం దగ్గర ముందు సెన్సర్ వోల్టేజ్ 0.1కి, 0.9కి మధ్య ఆగకుండా ఊగాలి, పది సెకన్లలో చాలాసార్లు. ఒక్కసారి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే 0.8 దాటాలి. చిన్న వాక్యూమ్ గొట్టం పీకితే 0.2 కిందికి పడాలి. రెండు దిక్కులా వెంటనే స్పందిస్తే సెన్సర్ బతికే ఉంది. 0.45 దగ్గరే కదలకుండా ఉన్నా, ఊపిరాడనట్టు మెల్లగా కదులుతున్నా మార్చాల్సిందే. వెనకది 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉండటమే సరైనది, అది ఊగట్లేదని కంగారు పడొద్దు. ఐదారు వైర్లున్న సెన్సర్‌కు ఈ అంకెలు పనికిరావు.

హీటర్ కోడ్ అయితే కనెక్టర్ ఊడదీసి, సెన్సర్ వైపు ఒకే రంగులో ఉన్న రెండు వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టండి. చల్లగా ఉన్నప్పుడు చాలావాటిలో 3 నుంచి 15 ఓమ్‌లు చూపిస్తుంది. ఏమీ చూపించకపోతే హీటర్ తెగింది. రీడింగ్ బాగుంటే బండి వైపు కనెక్టర్‌లో ఇంజిన్ నడుస్తుండగా 12 వోల్టులు వస్తున్నాయా చూడండి. రాకపోతే ఫ్యూజు, లేదా వైరు. వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డు దగ్గర, రైస్ మిల్లుల దగ్గర రాత్రిళ్లు ఆపే బండ్లలో ఎలుకలు కొరికిన వైర్లు మామూలే. సెన్సర్ కొనే ముందు ఆ వైరు మొత్తం చేత్తో తడిమి చూడండి. పత్తి తోలే బండి అయితే కన్వర్టర్ చుట్టూ చిక్కిన దూది కూడా ఇదే అదనుగా పీకేయండి, అది అంటుకుంటే బండే పోతుంది.

పార్ట్ కొనేటప్పుడు ఛాసిస్ నంబర్ ఇచ్చి పార్ట్ నంబర్ అడగండి. డెన్సో, బాష్, ఎన్‌జీకే లాంటివి బండి కంపెనీలకే సరఫరా చేస్తాయి. మీ బండికి ఏది వచ్చిందో అదే తీసుకోండి. ముందుది, వెనకది చూడటానికి ఒకేలా ఉన్నా వైరు పొడవు, ప్లగ్గు వేరు ఉండొచ్చు. కనెక్టర్ లేని యూనివర్సల్ సెన్సర్ చౌకగా దొరుకుతుంది కానీ ప్లగ్గుతో వచ్చేదే కొనమంటాను. తప్పక యూనివర్సల్ వేస్తే రంగులు గుర్తుంచుకోండి. బాష్‌లో తెల్లవి రెండూ హీటర్, నలుపు సిగ్నల్, బూడిద రంగు సిగ్నల్ గ్రౌండ్. డెన్సోలో నల్లవి రెండూ హీటర్, నీలం సిగ్నల్, తెలుపు గ్రౌండ్. జాయింట్లకు సోల్డరింగ్ వద్దు, క్రింప్ చేయండి, అంటే లోహపు గొట్టంలో పెట్టి నొక్కండి. సెన్సర్ పోల్చుకోవడానికి కావాల్సిన బయటి గాలి ఆ వైరు పోగుల సందుల్లోంచే లోపలికి పోతుంది, సోల్డర్ కరిగి పాకితే ఆ దారి మూసుకుపోతుంది.

అసలు కష్టం పాతది విప్పడమే. ముందు రోజు రాత్రే డబ్ల్యూడీ-40 లాంటిది సెన్సర్ మెడ చుట్టూ కొట్టండి. పొద్దున ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడిపి, పైపు గోరువెచ్చగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. మరీ కాలిపోతుంటే ఆగండి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి, జాకీ ఒక్కదాన్ని నమ్మకుండా స్టాండ్లు పెట్టండి. ఇంజిన్ సీటు కింద ఉండే బండ్లలో సీటు లేపితే ముందు సెన్సర్ అందొచ్చు, కింద దూరేముందు అది చూసుకోండి. కనెక్టర్ తీశాక, వైరు దూరేలా పక్కకు గాటున్న 22 ఎంఎం సెన్సర్ గోటీ పానా (సాకెట్) వేయండి. గాటు విచ్చుకుని జారుతుంటే ఇక లాగొద్దు. పాతది ఎలాగూ పారేసేదే కాబట్టి వైరు కోసేసి 22 రింగు పానా దిగేయండి, పట్టు బాగుంటుంది.

మొదట కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు. ఒక చుట్టు తిరిగి మళ్లీ గట్టిపడితే అక్కడే ఆగి నూనె కొట్టి, వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు. బలం పెట్టి ఒకేసారి లాగితే పైపులోని చూడీలు (మరలు) సెన్సర్‌తో పాటే ఊడొస్తాయి. ఎంతకీ రాకపోతే గ్యాస్ వెల్డింగ్ మంటతో కాల్చడం అందరూ చేసే పని. సీఎన్‌జీ లైను ఉన్న బండి కింద ఆ పని చేయనివ్వకండి. ఎగ్జాస్ట్ పైపు విప్పి బయటకు తీసి, ఆటోనగర్‌లో వేడి చేయించుకోవాలి. చూడీ కొద్దిగా ఖరాబ్ అయితే 18 ఎంఎం, 1.5 పిచ్ ట్యాప్‌ను (చూడీలు కోసే పనిముట్టు) చేత్తో తిప్పి శుభ్రం చేయొచ్చు. పూర్తిగా పోతే కొత్త నట్టు వెల్డింగ్ చేయించడమే దారి.

కొత్తదానికి చూడీల మీద పూత వేసే వస్తుంది, లేకపోతే చూడీలు పట్టేయకుండా ఉంచే నికెల్ యాంటీసీజ్ పేస్టు పలచగా రాయండి, ముక్కు దగ్గరికి మాత్రం రానివ్వకండి. ముక్కును చేత్తో ముట్టుకోవద్దు, కింద పడేయొద్దు. లోపలి సిరామిక్ పగిలితే పైకి కనిపించదు. మొదటి చుట్లన్నీ వేళ్లతోనే ఎక్కించి, చివర 45 న్యూటన్-మీటర్లకు బిగించండి. వైరు పైపుకు తగలకుండా పాత క్లిప్పుల్లోనే పెట్టండి. దగ్గర్లో మామూలు సిలికాన్ పేస్టు, సిలికాన్ స్ప్రే వాడొద్దు, ఆ ఆవిరితో కొత్త సెన్సర్ కూడా చచ్చిపోతుంది.

పారేసే ముందు పాతదాని ముక్కు చూడండి. నల్లటి మసి ఉంటే ఇంధనం ఎక్కువగా కాలింది. తెల్లటి పొడి ఉంటే కూలెంట్ లోపలికి వస్తోందేమో, లేక సిలికాన్ తగిలిందేమో. గోధుమ రంగు పొర గట్టిగా పట్టి ఉంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. ఆ కారణం పోకుండా కొత్తది వేస్తే అదీ ఎక్కువ రోజులు ఉండదు.

కోడ్ తుడిచేశాక ఇరవై నిమిషాలు రోడ్డు మీద నడిపి, రెండు ఇంధనాల మీదా ట్రిమ్ మళ్లీ చూడండి. మీకు వచ్చిన కోడ్ పీ0420 ఒక్కటే అయితే ఇదంతా చేయకండి, అది ఎక్కువసార్లు కన్వర్టర్ సంగతి. కోడ్ నంబరు, పెట్రోల్ మీద, గ్యాస్ మీద ట్రిమ్ అంకెలు ఇక్కడ రాస్తే ఏది మార్చాలో, అసలు మార్చాలో వద్దో చెబుతాను.