పాత బోటింజన్‌కు 45 వేలు పెట్టాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: మాది ఉప్పాడ. ఫైబర్ తెప్పకు తొమ్మిదేళ్లుగా 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ పెట్రోలు ఔట్‌బోర్డ్ (తెప్ప వెనక బయట బిగించే) ఇంజన్ వాడుతున్నాను. ఏడాదికి 180 రోజులు వేట. ఇంజన్ రోజుకు 4 గంటలు నడుస్తుంది, 14 లీటర్లు తాగుతుంది. ఈమధ్య సరిగా లాగడం లేదు. బోరు చేసి పిస్టన్లు మార్చడానికి మెకానిక్ 45 వేలు అడుగుతున్నాడు. కొత్త ఫోర్ స్ట్రోక్ 2.10 లక్షలు, పాతది ఇస్తే 20 వేలు తగ్గిస్తామన్నారు. చేతిలో 90 వేలు, ఇంట్లో 5 కాసుల బంగారం ఉన్నాయి. షావుకారు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా పెద్ద ఖర్చు మెకానిక్ బిల్లు కాదు, ఆ 14 లీటర్లు. 180 రోజులకు 2,520 లీటర్లు. లీటరు 110 రూపాయలనుకుంటే 2,77,200. అంటే కొత్త ఇంజన్ ధరకు మించిన డబ్బు ఏటా పెట్రోలు క్యాన్‌లోనే పోతోంది.

అంతే హార్స్‌పవర్ ఉన్న ఫోర్ స్ట్రోక్ సుమారు పాతిక శాతం తక్కువ తాగుతుంది. రోజుకు మూడున్నర లీటర్లు మిగిలితే ఏడాదికి 69 వేలు. టూ స్ట్రోక్‌కు 50 లీటర్లకు లీటరు చొప్పున ఆయిల్ కలపాలి కాబట్టి ఏడాదికి 50 లీటర్ల ఆయిల్. లీటరు 350 వేసుకున్నా 17,500. ఫోర్ స్ట్రోక్‌కు ప్రతి 100 గంటలకోసారి ఇంజన్ ఆయిల్ మార్చాలి, మీ నడకకు ఏడాదిలో ఏడుసార్లు. ఫిల్టర్లతో కలిపి దానికి 6 వేలు తీసేయండి. నికరంగా ఏడాదికి 80 వేలు మిగులుతుంది. రిపేరుకన్నా కొత్తదానికి మీరు అదనంగా పెట్టేది 1.45 లక్షలు, అది రెండేళ్లలోపే తిరిగొస్తుంది. నేను ఎక్కువ అంచనా వేశాననుకుని సగమే మిగిలిందన్నా మూడున్నర ఏళ్లు. ఇదే మీరు ఏడాదికి 60 రోజులే వేటకెళ్లేవారైతే పాతదాన్నే బాగుచేయించుకోమనేవాణ్ని.

అయినా ముందు ఒక పరీక్ష చేయించండి. ఇంజన్ వేడిగా ఉండగా ప్లగ్గులు రెండూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, రెండు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) గేజీతో చూడమనండి. రెండింటిలోనూ తగినంత ఉండి, మధ్య తేడా పది శాతంలోపు ఉంటే సిలిండర్లు బాగానే ఉన్నట్టు. అప్పుడు లాగకపోవడానికి కార్బ్యురేటరో, పెట్రోలు పంపో కారణం కావచ్చు, చిన్న ఖర్చుతో పోతుంది. గేరాయిల్ పాలలా తెల్లగా దిగితే సీళ్లు పోయి నీళ్లు చేరాయి. చల్లబరిచే నీటి ధార సన్నబడితే ముందు వాటర్ పంపు ఇంపెల్లర్ (నీళ్లు తోసే రెక్కల చక్రం) చూడాలి. ఈ రెండింటి కోసం ఎవరూ ఇంజన్ మార్చక్కర్లేదు.

కంప్రెషన్ ఒకటి 110, ఇంకొకటి 80 ఉంటే మాత్రం ఆ 45 వేలు పెట్టకండి. అది హెడ్డు విప్పకముందు చెప్పిన అంచనా. ఉప్పునీళ్లలో తొమ్మిదేళ్లు తిరిగిన ఇంజన్‌లో నీటి దారులు ఉప్పుతో పూడుకుంటాయి, బోల్టులు అల్యూమినియంలోనే పట్టేసి విప్పేటప్పుడు విరుగుతాయి. అక్కడ నుంచి బిల్లు ఎక్కడ ఆగుతుందో మెకానిక్ కూడా చెప్పలేడు. దారులు పూడుకుపోయిన బ్లాకులో కొత్త పిస్టన్లు వేసినా మళ్లీ వేడెక్కి పట్టేస్తాయి.

ఇక డబ్బు. 90 వేలలో 40 వేలు ముట్టుకోకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం, అప్పు వాయిదా మాత్రం వస్తుంది. 50 వేలు చేతి నుంచి, 20 వేలు పాత ఇంజన్ నుంచి పోగా 1.40 లక్షలు కావాలి. బ్యాంకులో బంగారం తాకట్టు పెట్టి నెలవాయిదాల పద్ధతి అడగండి. ఏడాది చివర ఒకేసారి కట్టే పద్ధతిలో చాలామంది అసలు కట్టలేక రెన్యూవల్‌తో ఏళ్లు గడిపేస్తారు. పది శాతం వడ్డీ, 24 నెలలైతే వాయిదా సుమారు 6,460, మొత్తం వడ్డీ 15 వేలు. పెట్రోలు, ఆయిల్ కలిపి మిగిలేది నెలకు 6,700 పైనే, వాయిదా అందులోంచే వెళ్తుంది.

షావుకారు దగ్గర అదే 1.40 లక్షలకు నెలకు 2,800 వడ్డీ. రెండేళ్లలో 67,200 కట్టాక అసలు అలాగే ఉంటుంది. దానికితోడు చేపలు ఆయనకే వేయాలనే షరతు పెడతారు. కిలోకు 10 రూపాయలు తగ్గించి, రోజుకు 20 కిలోలు తీసుకున్నా ఏడాదికి 36 వేలు పోయినట్టే. ఆ వడ్డీ కాగితం మీద కనపడదు.

కిసాన్ క్రెడిట్ కార్డు మత్స్యకారులకూ ఇస్తున్నారు. పెట్రోలు, ఐసు, వలల ఖర్చుకు ఒక పరిమితి దాకా 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే. ఇంజన్‌కు పనికిరాదు గానీ రోజువారీ ఖర్చు దానిమీద నడిస్తే చేతి డబ్బు మిగులుతుంది. ఇంజన్ సబ్సిడీ ఏదైనా నడుస్తోందేమో సచివాలయంలోని మత్స్య సహాయకుణ్ని అడగండి. ఉంటే మంజూరు కాగితం వచ్చాకే కొనండి, ముందే కొంటే సబ్సిడీ చేజారొచ్చు.

కొనేటప్పుడు తెప్ప వెనక చెక్క ఎత్తు కొలవండి. 15 అంగుళాలైతే షార్ట్ షాఫ్ట్, 20 అయితే లాంగ్. పొట్టిది వేస్తే కెరటం మీద ప్రొపెల్లర్ గాలి పీల్చి ఇంజన్ ఊరికే అరుస్తుంది. నా ఓటు కార్బ్యురేటర్, తాడు స్టార్టు ఉన్నదానికే, ఊళ్లో బాగుచేయగలరు. వేటకు వాడితే వారంటీ ఎన్ని నెలలో రాయించుకోండి, సరదా బోట్లకు ఇచ్చేది దీనికి వర్తించకపోవచ్చు. బిల్లు మీ పేరుమీదే ఉండాలి, తెప్ప రిజిస్ట్రేషన్‌లో కొత్త ఇంజన్ నంబరు మార్పించాలి. రోజూ ఒడ్డుకొచ్చాక పది నిమిషాలు మంచినీళ్లతో నడపండి. నిషేధానికి ముందు పెట్రోలు గొట్టం తీసేసి, ఇంజన్ ఆగేదాకా కార్బ్యురేటర్ ఎండబెట్టండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు రెండు నెలలు లోపలుంటే తేమ లాగి కార్బ్యురేటర్ జెట్లు (సన్నని రంధ్రాలు) మూసేస్తుంది.