రామప్ప శిల్పాలకి స్లో ఫిల్ము: ఏది కొనాలి, ఎండాకాలం ఇంట్లో ఎలా కడగాలి

మీరు అడిగింది ఇదీ: పాత నికాన్ మాన్యువల్ కెమెరా ఉంది, రామప్ప గుడి మదనికల (చూరు కింది స్త్రీ శిల్పాల) మెడలో హారం గీతలు కూడా విడివిడిగా కనబడేంత పెద్ద ప్రింటు కావాలి. దానికి ఐఎస్ఓ 20 ఆడాక్స్ సీఎంఎస్ 20 కొనాలా, ఐఎస్ఓ 50 ఇల్ఫర్డ్ పాన్ ఎఫ్ ప్లస్ కొనాలా, హనుమకొండ ఎండల్లో ఇంట్లో కడగడం అయ్యే పనేనా అని. (ఐఎస్ఓ అంకె ఎంత తక్కువైతే ఫిల్ము అంత స్లో, దానికి అంత ఎక్కువ వెలుతురు కావాలి.)

పాన్ ఎఫ్ కొనండి. నేను రెండూ వాడతాను, రెండూ మా ఫ్రిజ్‌లో ఉంటాయి. అయినా రామప్పకి బయల్దేరేటప్పుడు బ్యాగులో పడేది పాన్ ఎఫ్. గ్రెయిన్ (ఫిల్ము మీది వెండి రేణువుల గరుకు) రెంటిలోనూ కంటికి కనబడనంత సన్నమే. స్లో ఫిల్ముతో మన గొడవంతా కాంట్రాస్ట్‌తో, పాన్ ఎఫ్ అయితే మనం చెప్పినట్టు కాస్త వింటుంది.

ముందు అంకెల సంగతి. సీఎంఎస్ 20 పేరెత్తగానే అందరూ చెప్పేది మిల్లీమీటరుకు 800 గీతల జతలు (ఒక నల్ల గీత, ఒక తెల్ల గీత కలిపి ఒక జత) విడదీసి చూపిస్తుందని. తయారీదారు చెప్పే మాటే, అబద్ధమేమీ కాదు. కాకపోతే ఇలాంటి అంకెలు తెల్లటి చోట నల్ల గీతలున్న టెస్టు చార్టుతో, 1000:1 కాంట్రాస్ట్ (తెలుపు నలుపు కన్నా వెయ్యి రెట్లు వెలుగు) దగ్గర వచ్చేవి. కొడాక్ టీ-మ్యాక్స్ 100 డేటాషీటు చూడండి, రెండు అంకెలూ పక్కపక్కనే ఇచ్చారు: 1000:1 దగ్గర 200, 1.6:1 దగ్గర 63. ఫిల్ము అదే, సబ్జెక్టు మారిందంతే. మదనిక మెడలో హారం నల్లరాయి, దాని వెనక ఒళ్ళు కూడా అదే నల్లరాయి. మీ బొమ్మకి వర్తించేది రెండో అంకె.

ఆపైన లెన్సు. ఎంత ఖరీదైన లెన్సైనా ఎఫ్/8 దగ్గర డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెళ్ళేటప్పుడు వెలుతురు చెదరడం) వల్ల మిల్లీమీటరుకు 220 జతలు దాటితే అంతా కలిసిపోతుంది. ఎఫ్/16కి వచ్చేసరికి ఆ హద్దు 110కి పడిపోతుంది. ఇది సిద్ధాంతం లెక్క, కంటికి పనికొచ్చే వివరం దానిలో సగం దగ్గరే ఆగిపోతుంది. తర్వాత స్కానరు. 4000 డీపీఐ అంటే మిల్లీమీటరుకు 157 చుక్కలు, అంటే 79 జతలకి మించి పట్టదు. 24 మెగాపిక్సెల్ డిజిటల్ కెమెరాకి మాక్రో లెన్సు తగిలించి నెగెటివ్‌ని కాపీ తీసినా 83 దగ్గరే ఆగుతుంది. 800 జతల ఫిల్ము కొని 79 జతల స్కాను చేయించుకోవడం ఎందుకు చెప్పండి? మంచి ఎన్‌లార్జర్ లెన్సుతో ప్రింటు వేసుకునేవాళ్ళకి కొంత లాభం ఉంటుంది, అంతే.

నిజానికి ఫిల్ము దాకా రాకముందే వివరాన్ని తినేసేది కెమెరా కదలిక. మంచి ఎండలో ఐఎస్ఓ 50కి ఎఫ్/8 దగ్గర 1/200 సెకను షట్టర్ స్పీడు వస్తుంది, చేత్తో పట్టుకుని తీయొచ్చు. కానీ మదనికలు చూరు కింద నీడలో, తలెత్తి చూడాల్సిన ఎత్తులో ఉంటాయి. నీడకి మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది) పోయాయనుకోండి, 1/25కి వచ్చేశాం. ఐఎస్ఓ 20 అయితే 1/10. 105 లేదా 135 లెన్సు పెట్టి, మెడ వెనక్కి వంచి ఆ స్పీడుల్లో చేత్తో తీస్తే మీరు ఏ ఫిల్ము పెట్టారో మీకే తెలియదు. ట్రైపాడ్ తప్పదు. రామప్ప కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, ట్రైపాడ్‌కి ముందస్తు అనుమతి కావాలి. గేటు దగ్గర బతిమాలుకుంటే అయ్యే పని కాదు, ముందే దరఖాస్తు పెట్టుకోండి.

ట్రైపాడ్ ఉన్నంత మాత్రాన టెన్షన్ తీరదు. 1/30 నుంచి 1/4 దాకా ఉన్న స్పీడుల్లో కెమెరా లోపలి మిర్రర్ ఎగిరే దెబ్బకి పొడుగు లెన్సు వణుకుతుంది. కొన్ని నికాన్ మాన్యువల్ బాడీల్లో సెల్ఫ్ టైమర్ నొక్కగానే మిర్రర్ పైకి వెళ్ళిపోయి, షట్టర్ కాసేపాగి తెరుచుకుంటుంది. మీదానిలో ఉందో లేదో లెన్సు తీసి ఒకసారి చూసుకోండి. ఉంటే ప్రతి ఫ్రేమూ అలాగే తీయండి. లేకపోతే ఎన్‌డీ ఫిల్టరు (రంగు మార్చకుండా వెలుతురు తగ్గించే గాజు) పెట్టి ఎక్స్‌పోజర్‌ని ఒక సెకను దాటించండి, ఆ వణుకు మొదటి క్షణంలోనే సద్దుమణిగిపోతుంది కాబట్టి మిగతా సమయమంతా నిలకడగా పడుతుంది. సెకను దాటాక ఫిల్ము మందగిస్తుందని మరవకండి. పాన్ ఎఫ్‌కి ఇల్ఫర్డ్ ఇచ్చిన లెక్క ప్రకారం లైట్ మీటరు చెప్పిన సెకన్లని 1.33 ఘాతానికి తీసుకెళ్ళాలి. మీటరు 4 అంటే 6 సెకన్లకి పైన, 10 అంటే 21. మండపం లోపలి స్తంభాలకి ఈ లెక్క ఎలాగూ కావాలి.

ఇక వెలుతురు. రామప్పలో రెండు రకాల రాయి ఉంది: గోడలు ఎర్రటి ఇసుకరాయి, మదనికలు నునుపు తేల్చిన నల్ల డోలరైటు. నల్లరాయి మీద సూటిగా ఎండ పడితే భుజం మీదా మోకాలి మీదా తళుక్కుమనే తెల్ల మచ్చలు వస్తాయి, వాటి పక్కనే చంక కింద కటిక చీకటి. అంత తేడాని ఐఎస్ఓ 400 ఫిల్ము ఎలాగో సర్దుకుంటుంది. పాన్ ఎఫ్ హైలైట్లని గబగబా ఎక్కించేస్తుంది. సీఎంఎస్ 20 సంగతి చెప్పనక్కర్లేదు, అది మైక్రోఫిల్ము జాతి. అక్షరం నల్లగా, కాగితం తెల్లగా పడితే చాలు, మధ్యలో బూడిద మెట్లు అక్కర్లేదు అనే పనికి పుట్టిన సరుకు.

అందుకే వానాకాలంలో మబ్బు పట్టి వాన పడని పూట చూసి వెళ్ళండి. ఆ వెలుతురులో హారం ఒక్కో పేటా, పేటల మధ్య ఉలి దిగిన సన్నటి లోతూ వేర్వేరు బూడిద రంగుల్లో విడిపోతాయి. రాయి తడిసి ఉంటే మాత్రం మళ్ళీ మెరుపు వస్తుంది, ఆరేదాకా ఆగండి. ఆరెంజ్ ఫిల్టరు పెడితే ఎర్ర ఇసుకరాయి లేతబడి నల్ల బొమ్మ విడిగా నిలబడుతుంది కానీ రెండు స్టాపులు మింగుతుంది. నేను పసుపు ఫిల్టరుతో సరిపెట్టుకుంటాను. మదనిక వెనక ఉత్త తెల్ల ఆకాశం పడకుండా చూసుకోండి. రెండడుగులు పక్కకి జరిగితే చాలావాటికి చూరు రాయే బ్యాక్‌గ్రౌండుగా వస్తుంది.

మీటరు ఐఎస్ఓని 50కి కాకుండా 32కి పెట్టండి. వివరం కావాల్సిన నీడని దగ్గరగా చూసి మీటరు చేసి, దాని మీద రెండు స్టాపులు తగ్గించి తీయండి. నీడలు ఎక్స్‌పోజర్‌లోనే రావాలి, హైలైట్ల సంగతి కడిగేటప్పుడు చూసుకుందాం.

ఎండల్లో ఇంట్లో కడగొచ్చు, భేషుగ్గా కడగొచ్చు. 20 డిగ్రీలే పట్టుకుని కూర్చోకండి. మే నెలలో మన ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళని 20కి దించడం, కడిగినంతసేపూ అక్కడే నిలపడం పెద్ద తలనొప్పి. 24 పెట్టుకోండి. పాన్ ఎఫ్‌ని 50 దగ్గర తీస్తే ఐడీ-11 డెవలపర్ 1+1లో (ఒక వంతు డెవలపర్‌కి ఒక వంతు నీళ్ళు) 20 డిగ్రీల దగ్గర ఎనిమిదిన్నర నిమిషాలు, 1+3లో పదిహేను నిమిషాలు. డిగ్రీ పెరిగినకొద్దీ సమయం దాదాపు పదో వంతు తగ్గుతుంది. ఆ లెక్కన 24 దగ్గర 1+1 ఆరు నిమిషాల లోపుకి దిగిపోతుంది, అయిదు నిమిషాలకి దగ్గరపడితే ఆకాశంలో చారలు పడే భయం ఉంటుంది. 1+3 అయితే పది నిమిషాలు, తీరిగ్గా చేసుకోవచ్చు, కాంట్రాస్ట్ కూడా మెత్తబడుతుంది. మనం 32 దగ్గర తీశాం కాబట్టి నేను ఇంకో నిమిషం తగ్గించి తొమ్మిది దగ్గర ఆపేస్తాను. రీలుకి 100 మి.లీ. స్టాకు (నీళ్ళు కలపని డెవలపర్) పడాలి, అంటే మొత్తం 400 మి.లీ. పట్టే ట్యాంకు తీసుకోండి. మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు, తర్వాత ప్రతి నిమిషం మొదట్లో నాలుగుసార్లు నిదానంగా తలకిందులు చేస్తే చాలు. కాక్‌టెయిల్ కలిపినట్టు ఊపితే హైలైట్లు చేయి దాటిపోతాయి.

ఐడీ-11 దొరక్కపోతే ఊరుకోకండి. కొడాక్ డీ-76తో ఇవే సమయాలు నడుస్తాయి. అదీ లేకపోతే డీ-23 ఇంట్లోనే కలుపుకోవచ్చు: లీటరుకి మెటాల్ 7.5 గ్రాములు, సోడియం సల్ఫైటు 100 గ్రాములు, అంతే. లాబ్ కెమికల్స్ అమ్మే షాపుల్లో అడగండి. ముందు చిటికెడు సల్ఫైటు వేసి, తర్వాత మెటాల్ కరిగించి, మిగతా సల్ఫైటు చివర్లో వేయాలి. సల్ఫైటంతా ముందే పోస్తే మెటాల్ కరగనని మొండికేస్తుంది. కొందరికి మెటాల్ చర్మానికి పడదు, గ్లవుజులు వేసుకోండి. సమయం మాత్రం ఓ రీలు ముక్కలు చేసి మీరే తేల్చుకోవాలి.

డెవలపర్, ఫిక్సర్ (బొమ్మని నిలిపే మందు), కడిగే నీళ్ళు అన్నిటినీ సీసాల్లో పోసి ఒకే టబ్బులో నిలబెట్టండి, టబ్బులో ఐసు వేస్తూ 24కి తెచ్చుకోండి. ఒకటి చల్లగా ఇంకొకటి వేడిగా ఉంటే జెలటిన్‌కి మంచిది కాదు. బోరు నీళ్ళు వద్దు. డెవలపర్ కలపడానికీ చివరి కడుగుకీ ఆర్వో నీళ్ళు వాడండి. ఇంత సన్నటి గ్రెయిన్ ఫిల్ము మీద సున్నపు మరక ఒక్కటున్నా స్కానులో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నీళ్ళు పొదుపు చేయాలంటే ఇల్ఫర్డ్ చెప్పిన పద్ధతి ఉంది: ట్యాంకు నింపి అయిదుసార్లు తిప్పి పారబోయండి, మళ్ళీ నింపి పదిసార్లు, మళ్ళీ నింపి ఇరవైసార్లు. ఆ తర్వాత ఫొటో-ఫ్లో లాంటిది (నీటి మరకలు పడకుండా చూసే మందు) రెండు చుక్కలు.

ఎండాకాలం అసలు చిక్కు ఇంకోటుంది. ఛేంజింగ్ బ్యాగులో (వెలుతురు చొరబడని సంచిలో) చేతులు పెట్టిన రెండు నిమిషాలకి చెమటలు పట్టేసి, ఫిల్ము చుట్టే ప్లాస్టిక్ స్పైరల్‌లో ఫిల్ము సగంలో ఇరుక్కుంటుంది. రాత్రి లైట్లన్నీ ఆర్పిన గదిలో, ఏసీ వేసుకుని, పొడి చేతులతో ఎక్కించండి.

ఇదంతా చేతికి అలవాటయ్యాక సీఎంఎస్ 20 పెట్టండి. దానికి ఆడాక్స్ వాళ్ళ ఆడోటెక్ డెవలపరే వాడండి, సమయం సీసాతో వచ్చే కాగితంలో ఉంటుంది. మామూలు డెవలపర్లో వేస్తే 20 దగ్గర మసీ సున్నమూ తప్ప ఏమీ రాదు, టోన్లు కావాలంటే స్పీడుని ఇంకా బాగా దించుకోవాలి. దాని బేసు పాలియెస్టరు. చివర నుంచి వెలుతురు లోపలికి పాకుతుంది, ఎండలో కెమెరాలోకి ఎక్కించకండి. రీలు అయిపోయినప్పుడు లివరు బిగుసుకుంటే బలవంతపెట్టకండి, ఆ బేసు తెగదు, కెమెరాలోనే ఏదో ఒకటి విరుగుతుంది.

ఎవరైనా కొడాక్ టెక్నికల్ పాన్ కొనమంటే వినకండి. గొప్ప ఫిల్మే, కానీ 2004 ప్రాంతంలో ఆపేశారు, ఇప్పుడు తిరిగేవన్నీ గడువు దాటిన రీళ్ళు. ఊటీ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ళ ఇందు ఫిల్ము కూడా లేదు కాబట్టి మనం కొనే ప్రతి రీలూ దిగుమతే, పాత సరుకు మీద డబ్బు పోసుకోవడం దండగ.

చివరగా, పాన్ ఎఫ్‌ని తీసి నెలల తరబడి ఉంచకండి. కడగక ముందు దాని మీద పడ్డ బొమ్మ మిగతా ఫిల్ముల కన్నా తొందరగా పలచబడుతుంది. వీలైనంత త్వరగా, మూడు నెలలు దాటకుండా కడగమని ఇల్ఫర్డే చెబుతుంది. మన వేడికి నేను అన్నాళ్ళు కూడా ఆగను. గుడి అయిపోయాక ఫ్రేములు మిగిలితే రామప్ప చెరువు కట్ట మీద ఖర్చు పెట్టేసి, ఆ వారంలోనే కడిగేయండి.